పంపు చమురును లాగదు

ఫిబ్రవరి దాటితే చాలు, ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచలో గానీ, 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్న కిన్వట్ వైపు గానీ మిర్చి, మక్క వేసిన తెలుగు రైతుల నోట ఒకటే మాట: "బోరు ఆగి ఆగి పోస్తోంది." కరెంటు ఉంటుంది, మోటారు తిరుగుతుంది, పైపులోంచి కాసేపు నీళ్లు, కాసేపు గాలి. అప్పుడు ఊళ్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అయిదు హెచ్‌పీ తీసేసి ఏడున్నర దింపమని. దింపితే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. మొదటి అరగంట ధార బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తర్వాత బోరు ముందుకన్నా త్వరగా ఖాళీ అవుతుంది.

చమురు కంపెనీల ఇంజనీర్లకూ ఇదే చిక్కు. కాకపోతే వాళ్ల బోరు రెండు కిలోమీటర్ల లోతు, తీసేది నీళ్లు కాదు ముడిచమురు, ఒకసారి పంపు పైకి తీసి దింపాలంటే రిగ్గు రావాలి. బావి తనంతట తాను పోయడం మానేశాక చమురును పైకి తెచ్చే పద్ధతులన్నిటినీ కలిపి ఆర్టిఫిషియల్ లిఫ్ట్ అంటారు, మన మాటల్లో కృత్రిమ ఎత్తిపోత. ప్రపంచంలో ఉత్పత్తిలో ఉన్న చమురు బావుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక రకం ఎత్తిపోత మీదే నడుస్తున్నాయి. ఇంత పెద్ద వ్యవహారంలో జనానికి కనిపించేది పైనున్న యంత్రం మాత్రమే. అసలు లెక్క మాత్రం కింద పొరలో ఉంటుంది.

సినిమాల్లో చమురు పడిందంటే నల్లటి ధార ఆకాశంలోకి లేస్తుంది. నిజంగా అలా లేచిందంటే అది పండుగ కాదు, ప్రమాదం. 1995 జనవరిలో తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో అదుపు తప్పిన గ్యాస్ బావి మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. సవ్యంగా నడిచే బావిలో ఒత్తిడి వాల్వుల వెనుక కట్టడిలో ఉంటుంది, చమురు చప్పుడు లేకుండా పైపులోకి పోతుంది.

ఆ ఒత్తిడి ఎక్కడిది? చమురు నేలకింద చెరువులా నిలవ ఉండదు. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. పైనున్న రాతిపొరల భారం, పక్కనున్న నీటి ఒత్తిడి, చమురులోనే కరిగి ఉన్న గ్యాస్ కలిసి దాన్ని నొక్కి ఉంచుతాయి. పది మీటర్ల నీటి నిలువు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు వేస్తుంది. ఆ లెక్కన రెండు వేల మీటర్ల బావి నిండా నీళ్లుంటే అడుగున 200 కిలోల ఒత్తిడి. చమురు కాస్త తేలిక కాబట్టి 170 అనుకుందాం. పొరలో 220 ఉంటే ఈ 170ని నెట్టేసి, పైపు రాపిడిని కూడా తట్టుకుని బావి తానే పోస్తుంది. కొన్నేళ్లు తీశాక పొర ఒత్తిడి 160కి దిగిందనుకోండి. నిలువు బరువే 170. ఇక బావి పోయదు.

ఇక్కడే అపోహ మొదలవుతుంది. బావి ఆగిందంటే చమురు అయిపోయిందని కాదు. సొంత ఒత్తిడితో వచ్చేది సాధారణంగా పొరలోని మొత్తంలో మూడో వంతు కూడా దాటదు. మిగతాదంతా కిందే ఉంటుంది. అయిపోయింది చమురు కాదు, దాన్ని నెట్టే బలం.

మరి పంపు చేసేదేమిటి? లాగడం మాత్రం కాదు. పీల్చి పైకి తేగలిగే ఎత్తు వాతావరణ పీడనం మీద ఆధారపడుతుంది. నీటికి అది పుస్తకం లెక్కన పది మీటర్ల పైచిలుకు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లు. అందుకే బావి గట్టున పెట్టిన మోటారు లోతు నీళ్లను అందుకోలేదు, పంపునే కిందికి దింపాల్సి వస్తుంది. కిందికి దింపిన పంపు తన పైనున్న నిలువు బరువును తాను మోస్తుంది. దాంతో బావి అడుగున ఒత్తిడి తగ్గుతుంది. పొరలో ఒత్తిడి ఎక్కువ, బావి అడుగున తక్కువ. ఆ తేడా ఎంతో అంత చమురు రాయి సందుల్లోంచి దానంతట అదే నడిచి బావిలోకి వస్తుంది. ఎంత రావాలో తేల్చేది పొర. వచ్చినదాన్ని పైకి చేర్చడమే పంపు వంతు.

అయితే ఆ తేడాను పెంచుకుంటూ పోతే రాబడీ పెరుగుతూ పోవాలి కదా? ఒక హద్దు దాకానే. ఒత్తిడి తగ్గినకొద్దీ చమురులో కరిగిన గ్యాస్ బుడగలై విడిపోయి, రాయి సందుల్లో చమురుకు దారి ఇవ్వదు. ఇలాంటి బావులకు 1968లో వోగెల్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పరిశ్రమలో రోజువారీ వాడుకలో ఉంది. దాని ప్రకారం అడుగు ఒత్తిడిని పొర ఒత్తిడిలో సగానికి దించితే, ఆ బావి ఎన్నటికైనా ఇవ్వగల గరిష్ఠ రాబడిలో 70 శాతం వచ్చేస్తుంది. ఆ మిగతా సగం ఒత్తిడిని పూర్తిగా సున్నాకు దించినా దక్కేది 30 శాతమే. ఈ రెండో సగం కోసమే యంత్రాలు విరుగుతాయి, మోటార్లు కాలుతాయి, ఇసుక లేస్తుంది. పెద్ద పంపు వేస్తే పెద్ద రాబడి అన్న నమ్మకం చమురు క్షేత్రంలోనూ ఖరీదైన నమ్మకమే.

వీధి బోరింగు, చమురు బోరింగు

చమురు బావి అనగానే గుర్తొచ్చే బొమ్మ ఒకటుంది. పెద్ద ఇనుప దూలం తల ఊపుతూ పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఉత్తర గుజరాత్‌లో మెహసానా పొలాల్లో ఇవి చాలా కనిపిస్తాయి. పేరు సక్కర్ రాడ్ పంపు. చిత్రమేమిటంటే దీని లోపలి అమరిక తెలుగువాళ్లకు కొత్తది కాదు. వీధిలో ఉండే చేతి బోరింగు ఇదే యంత్రం.

దేశమంతా ఊరూరా కనిపించే ఇండియా మార్క్ టూ బోరింగుకు మూలం మహారాష్ట్రలోనే ఉంది. జాల్నాలో, తెలుగు పద్మశాలీలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సోలాపూర్‌లో మిషనరీలు తయారు చేయించిన పంపులే దానికి ముందు తరం. 1970లలో యూనిసెఫ్, భారత ప్రభుత్వం కలిసి ఆ నమూనాను మెరుగుపరచి దేశమంతటికీ తెచ్చాయి. దాన్ని విప్పి చూస్తే పైన పిడి, గొలుసు. గొలుసు కింద మూడేసి మీటర్ల ఇనుప రాడ్లు ఒకదానికొకటి బిగించి ఉంటాయి. అడుగున ఇత్తడి తొడుగున్న సిలిండరు, అందులో వాషర్లు తొడిగిన ప్లంజరు. ప్లంజరులో ఒక వాల్వు, సిలిండరు అడుగున ఇంకో వాల్వు. పిడి నొక్కితే ప్లంజరు పైకి లేచి తన మీదున్న నీటిని ఎత్తుతుంది, అడుగు వాల్వు తెరుచుకుని కొత్త నీళ్లు లోపలికి వస్తాయి. పిడి లేపితే అడుగు వాల్వు మూసుకుంటుంది, ప్లంజరు నీళ్లలోంచి కిందికి జారుతుంది. సిలిండరు వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, ప్లంజరు కదిలేది 125 మిల్లీమీటర్లు. గుణిస్తే ఒక్కో దెబ్బకు దాదాపు 400 మిల్లీలీటర్లు. వాషర్లు అరిగితే అందులో సగం తిరిగి కిందికే జారిపోతుంది. అందుకే కొన్ని బోరింగుల దగ్గర ఇరవై సార్లు కొట్టినా బిందె నిండదు.

చమురు బావిలో ఇవే భాగాలు, ఇదే క్రమం. పిడి బదులు మోటారు, గేరుపెట్టె, దూలం. దూలం చివర గుర్రం తలలాంటి వంపు ఎందుకంటే, దూలం ఎంత ఊగినా రాడ్డు మాత్రం నిట్టనిలువుగానే కదలాలి. మార్క్ టూ బోరింగులో పిడి మొదట్లో ఉన్న వంపు దిమ్మె, దాని మీదుగా వేసిన గొలుసు చేసేదీ అదే. మరమ్మతుల్లోనూ పోలిక కుదురుతుంది. మార్క్ టూలో నీటి పైపు సన్నం, ప్లంజరు లావు. వాషరు మార్చాలన్నా పైపులన్నీ పైకి లాగాలి. తర్వాత వచ్చిన మార్క్ త్రీలో పైపును లావు చేశారు, రాడ్లు లాగితే ప్లంజరు వచ్చేస్తుంది. చమురు బావుల్లో ఇంకో అడుగు ముందుకు వేసి, మొత్తం పంపే రాడ్లతో పాటు పైకి వచ్చేసే రకం కూడా వాడతారు. పైపులు కదపకుండా పని అయితే రిగ్గు రోజులు మిగులుతాయి, రిగ్గు రోజు మిగలడమంటే లక్షలు మిగలడమే.

తేడా వచ్చేదల్లా లోతు దగ్గరే. 1500 మీటర్ల బావిలో ముప్పాతిక అంగుళానికి కాస్త పైనుండే రాడ్లు దాదాపు 200 బిగిస్తారు. ఆ రాడ్ల బరువే అయిదు టన్నుల దాకా ఉంటుంది. ప్లంజరు ఎత్తే ద్రవం రెండున్నర టన్నుల లోపే. సరుకు కన్నా సరుకు మోసే రాడ్డే రెట్టింపు బరువు. ఆ దండగ బరువును ప్రతిసారీ మోటారే ఎత్తితే గిట్టుబాటు కాదు కాబట్టి, దూలం వెనుక క్రాంకుకు ఇనుప దిమ్మెలు వేలాడదీస్తారు. రాడ్లు దిగేటప్పుడు దిమ్మెలు లేస్తాయి, రాడ్లు లేచేటప్పుడు దిమ్మెలు దిగి సాయం పడతాయి. 1920లలో టెక్సస్‌లోని లఫ్‌కిన్‌లో వాల్టర్ ట్రౌట్ ఇచ్చిన ఈ ఏర్పాటు ఇప్పటికీ పెద్దగా మారలేదు.

మరో వింత ఏమిటంటే ఉక్కు సాగుతుంది. పైన చెప్పిన బరువులకు 1500 మీటర్ల రాడ్ల వరస ప్రతి ఊపులోనూ నలభై సెంటీమీటర్ల వరకు సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. పైన దూలం రెండున్నర మీటర్లు కదిలినా కింద ప్లంజరు అంత కదలదు. పైన కూర్చుని చూసేవాడికి కింద ఏం జరుగుతోందో తెలియదన్నమాట.

తెలుసుకోవడానికే డైనమోమీటర్ కార్డు. రాడ్డు మీద బరువు ఎంతుందో, రాడ్డు ఎక్కడుందో ఒక్కో ఊపుకు గీసిన బొమ్మ అది. పంపు పూర్తిగా నిండుతుంటే బొమ్మ ఒరిగిన దీర్ఘచతురస్రంలా ఉంటుంది. బావిలో చమురు చాలకపోతే కుడివైపు కింది మూల తెగిపోతుంది. ఎందుకంటే దిగేటప్పుడు ప్లంజరు కింద ద్రవం లేదు, ఖాళీ ఉంది. ఖాళీలోంచి దిగి దిగి ఒక్కసారిగా ద్రవాన్ని గుద్దుకుంటుంది. ఆ దెబ్బ నిమిషానికి ఎనిమిది, పది సార్లు, రోజుకు వేల సార్లు పడితే ఏదో ఒక రాడ్డు జాయింటు దగ్గర తెగాల్సిందే. గ్యాస్ చేరితే ఆ మూల తెగినట్టు కాక వంపు తిరుగుతుంది, వాల్వు కారుతుంటే బొమ్మ ఇంకోలా మారుతుంది. బోరింగు కొట్టేవాళ్లకు ఇది అరచేతికే తెలుస్తుంది. పిడి తేలికగా జారి, మధ్యలో ఠక్కున తగిలితే నీళ్లు దిగాయని అర్థం. 1960లలో గిబ్స్ అనే శాస్త్రవేత్త రాడ్లలో బరువు అలలా ప్రయాణించే తీరును సమీకరణంలో పెట్టి, పైన తీసిన కొలతల నుంచి అడుగున ఉన్న పంపు బొమ్మను లెక్కగట్టే మార్గం చూపించాడు. ఇప్పుడు బావి దగ్గరున్న చిన్న కంట్రోలరే ఆ పని చేసి, పంపు నిండటం లేదని తేలితే కొన్ని నిమిషాలు ఆపేస్తుంది. బావి ఊరాక మళ్లీ మొదలుపెడుతుంది. గంట నడిపి గంట ఆపే రైతు చేసేది కూడా అచ్చంగా ఇదే పని. రైతు పద్ధతిని వెనకబాటు అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

పంపు అవసరం బావి ముసలిదయ్యాకే వస్తుందనుకోవడమూ పొరపాటే. 1859లో అమెరికాలోని టైటస్‌విల్‌లో డ్రేక్ తవ్వించిన బావితోనే చమురు పరిశ్రమ కథ మొదలుపెడతారు. దాని లోతు 69 అడుగులన్నర, అంటే ఇరవై ఒక్క మీటర్లు. ఊళ్లో బోరింగుకు వేసే లోతు కూడా కాదు. అందులోంచి చమురు చిమ్మలేదు. చేతి పంపుతో తోడారు.

సముద్రంలో గ్యాసు, పొలంలో మోటారు

మహారాష్ట్ర తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల అవతల, సముద్రంలో ముంబై హై ఉంది. 1974లో చమురు పడింది, 1976లో ఉత్పత్తి మొదలైంది. ఇనుప స్తంభాల మీద నిలబడ్డ వేదికల మీద తల ఊపే దూలాలకు చోటెక్కడిది? పైగా ఒక వేదిక నుంచి బావులు నాలుగు దిక్కులకూ వంకరగా దిగుతాయి, వంకర బావిలో రాడ్లు పైపును ఒరుసుకుపోతాయి. అందుకే అక్కడ విస్తారంగా వాడేది గ్యాస్ లిఫ్ట్. ఇందులో కింద తిరిగే యంత్రమంటూ ఏదీ ఉండదు. గ్యాసును కంప్రెసరుతో నొక్కి కేసింగుకూ లోపలి పైపుకూ మధ్య ఖాళీలోకి పంపుతారు. అది కింద ఒక వాల్వు గుండా లోపలి పైపులో చేరి చమురుతో కలుస్తుంది. గ్యాసు కలిసిన నిలువు తేలికవుతుంది. 170 కిలోలున్న బరువు వందకు దిగితే, 160 ఉన్న పొర మళ్లీ బావిని పోయిస్తుంది. పైకి వచ్చిన గ్యాసును వేరుచేసి, నొక్కి, మళ్లీ కిందికే పంపుతారు. వాల్వు చెడితే సన్నని ఉక్కు తీగ దింపి మార్చేస్తారు, పైపులు పీకే పని లేదు. సముద్రంలో ఇది మామూలు సుఖం కాదు.

ఇక్కడా అత్యాశ పనికిరాదు. గ్యాసు పెంచినకొద్దీ చమురు పెరుగుతుంది గానీ, ఒక స్థాయి దాటాక పైపు నిండా గ్యాసే పరుగెత్తి రాపిడి పెరిగి చమురు తగ్గడం మొదలవుతుంది. కంప్రెసర్ సామర్థ్యం పరిమితం, బావులు అనేకం. ఏ బావికి ఎంత గ్యాసు ఇస్తే మొత్తం మీద ఎక్కువ చమురు వస్తుందన్నది రోజూ చేయాల్సిన పంపకం. బాగా పోసే బావికి ఇంకొంచెం ఇవ్వడం కన్నా, ఆగబోతున్న బావికి కొంచెం మళ్లించడమే లాభం కావచ్చు. కాలువ చివరి భూములకు నీళ్లు వదిలే వాళ్లకు ఈ టెన్షన్ తెలుసు.

ఇక రాబడి బాగా ఉన్న బావులకు ఎలక్ట్రిక్ సబ్‌మెర్సిబుల్ పంపు, పొట్టిగా ఈఎస్పీ. దీన్ని నిలబెట్టినవాడు రష్యా నుంచి అమెరికా వెళ్లిన అర్మాయిస్ అరుతునోఫ్. 1920ల చివరికల్లా కాన్సాస్‌లో బావిలోకి దింపి చూపించాడు. పొలం బోర్లలో వేసే సబ్‌మెర్సిబుల్‌దీ ఇదే ఏర్పాటు. అడుగున మోటారు, పైన పంపు, పంపులో ఒకదాని మీద ఒకటి స్టేజీలు. పొలంలో పదిహేను, ఇరవై స్టేజీలైతే చమురు బావిలో వందలు.

మోటారును అడుగునే ఎందుకు పెడతారన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పైకి పోయే ద్రవం మోటారు పక్కనుంచి పారుతూ దాన్ని చల్లబరుస్తుంది. బోరులో జల మోటారుకు పైన పడితే నీళ్లు పైనుంచి దిగి నేరుగా పంపులోకి పోతాయి. మోటారు చుట్టూ ఉన్న నీళ్లు కదలవు, వేడెక్కుతాయి. కొన్నాళ్లకు వైండింగు కాలుతుంది. ఓల్టేజీని తిట్టుకుని రీవైండింగ్ చేయించి అదే లోతుకు దింపుతారు, మళ్లీ కాలుతుంది. చమురు బావుల్లో ఇలాంటిచోట మోటారు చుట్టూ గొట్టపు తొడుగు వేసి, ద్రవం కిందికి దిగి మోటారును ఒరుసుకునే పైకి వెళ్లేలా చేస్తారు. పొలం బోర్లకూ ఈ తొడుగు పనిచేస్తుంది. ఆరున్నర అంగుళాల బోరులో నాలుగు అంగుళాల మోటారుకు చోటూ సరిపోతుంది. అయినా వేసేవాళ్లు అరుదు.

ఈఎస్పీకి పడనివి గ్యాసు, ఇసుక, అతి వేడి. నచ్చేది వేగం మార్చుకునే వీలు. విద్యుత్తు ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే రాబడి 80 శాతానికి తగ్గుతుంది, కరెంటు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. బావి ఊరే తీరుకు పంపును సరిపెట్టడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

చిక్కటి చమురుకూ ఇసుకకూ పీసీపీ అనే మరపంపు ఉంది. రబ్బరు గొట్టంలో మెలి తిరిగిన ఉక్కు కడ్డీ తిరుగుతూ ద్రవాన్ని అరలు అరలుగా పైకి నెడుతుంది. ఫ్రెంచి ఇంజనీరు రెనే మోయినో 1930 ప్రాంతంలో కనిపెట్టాడు. కదిలే భాగమే లేని జెట్ పంపు ఇంకొకటి. పైనుంచి ఒత్తిడితో నీళ్లు పంపి, సన్నని నాజిల్ గుండా చిమ్మించి, ఆ ఊపులో చమురును కలుపుకుని పైకి తెస్తారు. ఆ నీళ్లు వేడివైతే మైనం గడ్డకట్టే చమురుకు అదనపు సాయం.

కరెంటు లెక్క

సరిహద్దుకు ఇవతల తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు. అవతల మహారాష్ట్రలో 2024 నుంచి ఏడున్నర హెచ్‌పీ దాకా పంపులకు బిల్లు మాఫీ. రైతుకు ఇది అవసరమైన ఊరటే, సందేహం లేదు. కానీ బిల్లు లేనిచోట ఒక ఘనపు మీటరు నీళ్లకు ఎన్ని యూనిట్లు పోతున్నాయో ఎవరూ చూడరు. చమురు క్షేత్రంలో చూడకపోతే బావే మూతపడుతుంది. ఒక పీపా, అంటే 159 లీటర్ల ద్రవాన్ని 1500 మీటర్ల నుంచి ఎత్తడానికి నష్టాలేమీ లేకపోయినా 0.65 యూనిట్ కావాలి. పంపు, మోటారు, కేబుల్ నష్టాలన్నీ పోగా మొత్తం సామర్థ్యం 40 శాతం అనుకుంటే ఒకటిన్నర యూనిట్ దాటుతుంది. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అసలు దెబ్బ నీటి రూపంలో వస్తుంది. బావి వయసు పెరిగేకొద్దీ చమురుతో పాటు వచ్చే ఉప్పునీళ్లు పెరుగుతాయి. పాత క్షేత్రాల్లో వచ్చే ద్రవంలో 90 శాతం నీళ్లుండటం మామూలే. అప్పుడు ఒక పీపా చమురు కోసం పది పీపాలు ఎత్తాలి, 16 యూనిట్లు ఖర్చు పెట్టాలి, తొమ్మిది పీపాల ఉప్పునీళ్లను శుద్ధి చేసి మళ్లీ భూమిలోకి పంపాలి. పొరలో చమురు ఉండగానే బావిని వదిలేసేది ఎక్కువగా ఈ లెక్క దగ్గరే.

నీళ్లు ఎత్తడమే మొదటి పనైన బావులూ ఉన్నాయి, బొగ్గు పొర మీథేన్ బావులు. చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, ఘుగ్గుస్ గనుల చుట్టూ తెలుగు కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. నీళ్లు తోడకపోతే గని నడవదని ఆ ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడి బొగ్గు, దేశంలో 2007లో మొదటిసారి వాణిజ్యపరంగా మీథేన్ ఇచ్చిన పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్ బొగ్గు, రెండూ గోండ్వానా అనే ఒకే భూగర్భ కాలపువే. అంతమాత్రాన ఇక్కడా గ్యాసు గిట్టుబాటవుతుందని కాదు. బొగ్గు లోతు, వయసు, పగుళ్లు కలిసి రావాలి. మీథేన్ బొగ్గులో బుడగలుగా ఉండదు, బొగ్గు కణాల ఉపరితలానికి అంటుకుని ఉంటుంది. పగుళ్లలోని నీటి ఒత్తిడే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. నీళ్లు తోడి ఒత్తిడి దించితేనే గ్యాసు విడుదలవుతుంది. అంటే చమురు బావిలో చివర్లో వచ్చే పంపు ఇక్కడ మొదటి రోజే రావాలి. నెలల తరబడి నీళ్లే వస్తాయి. తర్వాత నీళ్లు తగ్గుతూ గ్యాసు పెరుగుతుంది. చమురు బావి వయసుతో పాటు నడిచే తీరుకు ఇది పూర్తిగా తిరగబడ్డ వరస.

ఈ పనికి పీసీపీ బాగా కుదురుతుంది, నీళ్లతో వచ్చే బొగ్గు పొడిని తేలిగ్గా మింగుతుంది కాబట్టి. అయితే దాని రబ్బరు తడి లేకుండా కొన్ని నిమిషాలు తిరిగినా మాడిపోతుంది. బావి సవ్యంగా నడుస్తున్నకొద్దీ నీళ్లు తగ్గుతాయి కనుక పంపుకు ముప్పు కూడా రోజురోజుకూ దగ్గరవుతుంది. అందుకే ఆపరేటరు కేసింగులో ధ్వని తరంగాలు పంపి నీటి మట్టం చూసుకుంటూ, మట్టం దిగేకొద్దీ వేగాన్ని మెట్టు మెట్టుగా దించుతాడు. మరీ త్వరగా దించేస్తే పగుళ్లలోని బొగ్గు పొడి ఒక్కసారిగా కదిలి దారులు పూడుకుపోతాయి. అలా పూడుకున్న పొరను ఆ తర్వాత ఎంత పెద్ద పంపు పెట్టినా తెరవలేరు.